మగ ఖర్గోష్ ఎందుకు చిమ్ముతుంది? ఇల్లు, బట్టలు, ఇరుగుపొరుగుతో మంచితనం కాపాడుకునే దారులు

పిల్లల సరదా కోసం ఒక జత కుందేళ్లు తెచ్చుకున్న ఇంట్లో మొదటి మూడు నెలలు అందరికీ సంతోషమే. నాలుగో నెల దాటాక బోను పక్క గోడ మీద పసుపు చారలు కనబడతాయి. ఆ తర్వాత తీగ మీద ఆరేసిన దుప్పట్టాకు మరకలు. ఇంకొన్నాళ్లకు గడ్డి వేద్దామని వంగినవాళ్ల ముఖం మీదే తుంపర్లు. అక్కడి నుంచి గొడవ మొదలవుతుంది. నమాజ్ బట్టలు పాడయ్యాయని అమ్మ, బోను కడిగే వంతు ఎవరిదని అన్నదమ్ములు, వాసన భరించలేకపోతున్నామని పక్క మేడవాళ్లు. చాలాసార్లు ఈ గొడవంతా చివరికి మగ కుందేలు మీదే పడుతుంది. దాన్ని ఎవరికో ఒకరికి అంటగడతారు. లేదంటే సంచిలో వేసుకెళ్లి ఏ పార్కులోనో వదిలేస్తారు. బోనులో పుట్టి పెరిగిన కుందేలు వీధికుక్కల మధ్య బతకడం కష్టం.

ఈ అలవాటు ఎందుకు వస్తుందో తెలిస్తే గొడవ సగం తగ్గుతుంది. మిగతా సగం బోను ఎక్కడ పెట్టాం, దాని చుట్టూ ఏం కట్టాం అన్నదాని మీద ఉంటుంది. ఒక మాట మాత్రం ముందే చెప్పుకోవాలి. బ్రీడింగ్ కోసం ఉంచుకున్న మగ కుందేలు చేత ఈ అలవాటు పూర్తిగా మాన్పించడం కుదరదు. దాన్ని పిల్లలు పుట్టించేందుకు పనికొచ్చేలా చేసే హార్మోనే దాని చేత చిమ్మిస్తుంది. ఒకటి కావాలంటే రెండోది భరించాల్సిందే. అది ఎక్కడ పడాలన్నది మాత్రం మన చేతుల్లో ఉంది.

మామూలు మూత్రానికి, చిమ్మడానికి తేడా

కుందేలు మామూలుగా మూత్రం పోసేటప్పుడు బోనులో ఒక మూల ఎంచుకుని అక్కడే కూర్చుని పోస్తుంది. రోజూ దాదాపు అదే మూల. కింద ఒక ట్రే పెడితే చాలావరకు సరిపోతుంది.

చిమ్మడం వేరే. అప్పుడు అది వెనక భాగం తిప్పి, తోక పైకెత్తి, పిచికారీ కొట్టినట్టు వెనక్కి విసురుతుంది. చుక్కలు కిందికి కాక అడ్డంగా వెళతాయి. మూడు నాలుగు అడుగుల దూరం సులువుగా పడతాయి. ఆ వాసన కూడా మామూలుదానికంటే ఘాటుగా ఉంటుంది. పైగా ఊరికే ఎటు పడితే అటు చిమ్మదు. ఎదురుగా ఆడ కుందేలు ఉన్నా, పక్క బోనులో ఇంకో మగది ఉన్నా, కొత్త వస్తువో కొత్త మనిషో దగ్గరికి వచ్చినా అటువైపే విసురుతుంది.

అందుకే ట్రే ఎంత పెద్దది పెట్టినా గోడ తడుస్తూనే ఉంటుంది. ట్రే పని కిందపడేదాన్ని పట్టడం. పక్కకు వెళ్లేదానికి వేరే ఏర్పాటు కావాలి.

ఈ అలవాటు ఎక్కడిది?

మన ఇళ్లలో పెంచే కుందేళ్లన్నీ, తెల్లవైనా బూడిద రంగువైనా, యూరప్ అడవి కుందేలు సంతతే. దాని పుట్టిల్లు స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ప్రాంతం. మన పొలాల గట్ల మీద పరుగెత్తే అడవి చెవులపిల్లి వేరే జాతి. అది బొరియ తవ్వదు, గడ్డిలో ఒంటరిగా ఉంటుంది. యూరప్ కుందేలు అలా కాదు. నేల కింద బొరియలు తవ్వుకుని గుంపుగా కాపురం చేస్తుంది. ఆ చీకట్లో ఎవరు ఎవరో, ఏ బొరియ ఎవరిదో తెలిసేది వాసనతోనే.

ఆ వాసన పెట్టడానికి దానికి మూడు పద్ధతులున్నాయి. గడ్డం కింద ఉన్న గ్రంథిని వస్తువులకు రుద్దడం మొదటిది. ఇల్లంతా తిరిగి కుర్చీ కాళ్లకు గడ్డం రాసే కుందేలును చాలామంది చూసే ఉంటారు. సరిహద్దులో పెంటికలు వదలడం రెండోది. మూత్రం చిమ్మడం మూడోది, అన్నిటికంటే గట్టిది. "ఈ చోటు నాది, ఈ ఆడది నాది, మీరు రావద్దు" అని మిగతా మగవాటికి చెప్పే మాట అది. ఆడ కుందేలును ఒప్పించే తంతులోనూ ఇది భాగం. మగది దాని చుట్టూ గిరగిరా తిరుగుతుంది, సన్నగా గుర్రుమని శబ్దం చేస్తుంది, తోక ఎత్తి పక్కగా వెళుతూ దాని మీద చిమ్ముతుంది.

ఇంట్లో వదిలినప్పుడు మనిషి కాళ్ల చుట్టూ గుర్రుమంటూ తిరిగి చిమ్మిందంటే అదీ ఇదే తంతు. అందులో కోపం గానీ కసి గానీ లేవు.

బక్రీద్‌కు మేకను కొన్న ఏ ఇంటికైనా ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. ఖస్సీ చేయని మేకపోతు ఎదకు వచ్చిందంటే తన గడ్డం మీదా ముందుకాళ్ల మీదా తానే మూత్రం పోసుకుంటుంది. వీధి మలుపు నుంచే వాసన వస్తుంది. ఖస్సీ మేకకు ఆ వాసన ఉండదు. కుందేలు విషయంలోనూ సూత్రం ఇదే.

ఎప్పుడు మొదలవుతుంది?

చిన్న జాతుల్లో మూడున్నర, నాలుగు నెలలకే మొదలవుతుంది. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, గ్రే జెయింట్ లాంటి పెద్ద జాతులు ఆలస్యంగా ఎదుగుతాయి. వాటిలో ఐదారు నెలలు పట్టవచ్చు. మొదలయ్యాక బ్రీడింగ్ వయసంతా ఉంటుంది. అన్ని మగవీ ఒకేలా చిమ్మవు. కొన్ని రోజుకు పదిసార్లు, కొన్ని ఆడదాని వాసన తగిలినప్పుడే. ఆడ కుందేళ్లు కూడా అప్పుడప్పుడు చిమ్ముతాయి గానీ అంత తరచుగా కాదు.

ముందు లెక్క: మీకు ఎన్ని మగవి కావాలి?

చిన్నగా పెంచుకునే ఇళ్లలో చాలాచోట్ల జరిగే పొరపాటు ఇక్కడే ఉంటుంది. ఒక్కో ఆడదానికి ఒక్కో మగది అని జతలుగా కొంటారు. కుందేలు విషయంలో ఆ అవసరం లేదు.

లెక్క వేసి చూద్దాం. ఆడ కుందేలు గర్భం 30, 31 రోజులు. పిల్లలకు పాలిచ్చే కాలం, తల్లి తేరుకునే కాలం కలుపుకుంటే ఇంటి పెంపకంలో ఏడాదికి ఐదు ఈతలు చాలు. మూడు ఆడవి ఉంటే ఏడాదికి 15 ఈతలు. ఒక్కోసారి కట్టు నిలవక రెండుసార్లు కలపాల్సి వచ్చిందనుకున్నా 30 సార్లు. ఆరోగ్యంగా ఉన్న ఒక మగ కుందేలు వారానికి రెండు మూడుసార్లు కలవగలదు. అంటే ఏడాదికి వందకు పైనే. 8 నుంచి 10 ఆడవాటికి ఒక మగది సరిపోతుందని ఫారాల వాళ్లు చెప్పేది అందుకే.

కాబట్టి మూడు ఆడవి ఉన్న ఇంట్లో రెండో మగది ఉందంటే అది ఖాళీగా కూర్చుని దాణా తింటుంది. అంతేకాదు, రెండు మగవి ఒకదాని వాసన ఒకటి పీలుస్తూ పోటీ పడి చిమ్ముతాయి. ఒకటి ఉన్నప్పటి మురికి రెండు ఉన్నప్పుడు రెండింతలతో ఆగదు. దాణా ఖర్చు, కడిగే నీళ్లు, సబ్బు, పనివేళ అన్నీ పెరుగుతాయి. ఆదాయం మాత్రం ఒక్క పిల్లంత కూడా పెరగదు.

"ఉన్నది చచ్చిపోతే ఎలా?" అన్న భయం సహజమే. దగ్గరలో పెంచే ఇంకో కుటుంబంతో మాట్లాడుకుని అవసరానికి మగదాన్ని మార్చుకోవడం మంచి పద్ధతి. ఇలా చేస్తే తల్లికి కొడుకును, చెల్లెళ్లకు అన్నను కట్టే పరిస్థితి కూడా తప్పుతుంది. దగ్గరి రక్తంలో కట్టుకుంటూ పోతే పిల్లలు బలహీనమవుతాయి. బయటి నుంచి వచ్చినదాన్ని మాత్రం రెండు వారాలు విడిగా ఉంచి, గజ్జి గానీ ముక్కు కారడం గానీ లేవని చూసుకున్నాకే మిగతావాటి దగ్గరికి తేవాలి.

ఇంట్లో పుట్టిన మగ పిల్లలను మూడు నెలలు నిండకముందే ఆడవాటి నుంచి విడదీయాలి. చిమ్మే వయసు రాకముందే అమ్మదలచినవి అమ్మేస్తే అటు డబ్బు, ఇటు శుభ్రం.

బోను ఎక్కడ ఉండాలి?

మూడు అంతస్తుల బోనుల వరస ఉంటే మగదాన్ని అన్నిటికంటే కింది అంతస్తులో పెట్టండి. పైన పెడితే అది చిమ్మింది కింద ఉన్నవాటి దాణాలో, నీళ్లలో, పిల్లలున్న పెట్టెలో పడుతుంది.

మగ బోను, ఆడ బోను ఎదురెదురుగా ఉండకూడదు. కనబడేకొద్దీ, వాసన తగిలేకొద్దీ చిమ్మడం ఎక్కువవుతుంది. మేడ మీద చోటుంటే రెండింటి మధ్య ఆరేడు అడుగుల దూరం ఇవ్వండి. చోటు లేకపోతే మధ్యలో ఒక రేకు నిలబెట్టి కనబడకుండా చేయండి. రెండు మగవి తప్పనిసరిగా ఉంటే అవి ఒకదానికొకటి కనబడని మూలల్లో ఉండాలి.

బట్టల తీగ, నీళ్ల డ్రమ్ము, వుజూ చేసే కుళాయి, పొరుగింటి పిట్టగోడ, ఈ నాలుగింటికీ బోను వెనక వైపు తిరిగి ఉండకూడదు. కనీసం ఐదారు అడుగుల దూరం ఉండాలి. పాతబస్తీలో, కర్నూలు, గుంటూరు లాంటి ఊళ్ల పాత పేటల్లో మేడలు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. మన బోను వెనక భాగం పక్కవాళ్ల బట్టల తీగ అయిపోతుంది. వాళ్లు చెప్పేదాకా ఆగకుండా ముందే జరిపితే మాట పోదు.

అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. సున్నం వేసిన గోడ ఈ తడికి త్వరగా పాడవుతుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పడేది అక్కడే.

అడ్డు ఎలా కట్టాలి?

దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. పాత ఫ్లెక్సీ బ్యానర్ ముక్క, పీవీసీ షీటు, పల్చటి రేకు, ఏదైనా సరే. పద్ధతి మాత్రం సరిగా ఉండాలి.

ఒకటి, అడ్డును జాలీకి బయటి వైపు కట్టండి. లోపల కడితే కుందేలు కొరికి మింగుతుంది. ప్లాస్టిక్ ముక్కలు పేగులో అడ్డుపడితే ప్రాణం మీదికి వస్తుంది.

రెండు, ఎత్తు బోను అడుగు నుంచి ఒకటిన్నర అడుగు చాలు. చిమ్మేది అది నిలబడినప్పుడు నడుము ఉండే ఎత్తు నుంచి. పైభాగం గాలికి వదిలేయాలి.

మూడు, కింది అంచును లోపలికి వంచి ట్రే మీదికి తీసుకురండి. షీటు మీద పడింది జారి ట్రేలోకి చేరాలి. అంచు ట్రే బయట ఉంటే అంతా నేల మీదికే వస్తుంది.

నాలుగు, మూడు వైపులా కట్టి, ఖాళీ స్థలం వైపు ఉన్న ముందు భాగం తెరిచి ఉంచండి. తలుపు దగ్గర మాత్రం అడుగు ఎత్తున చిన్న అడ్డు పెడితే దాణా వేసేవాళ్ల బట్టలు తప్పించుకుంటాయి.

బోను మొత్తాన్ని ఫ్లెక్సీతో చుట్టేయడం ప్రమాదం. కుందేలుకు మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడిని ఎక్కువగా చెవుల ద్వారానే వదులుకుంటుంది. మన ఎండాకాలంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులు ఎన్నో. గాలి ఆడని బోనులో అది వడదెబ్బకు గంటల్లో చనిపోవచ్చు. బతికినా, 30 డిగ్రీలు దాటిన వేడిలో మగదాని వీర్యం నాణ్యత పడిపోతుంది. శుభ్రం కోసం కట్టిన అడ్డు బ్రీడింగ్‌నే దెబ్బతీస్తుంది.

చేతులు వేసేటప్పుడు, జత కలిపేటప్పుడు

చిమ్మేది వెనక్కి కాబట్టి ఎప్పుడూ తల వైపు నుంచే దగ్గరికి వెళ్లండి. ఆడవాటికి దాణా వేసి అదే చేతులతో, అదే బట్టలతో మగదాని దగ్గరికి వెళితే మీరే దానికి ఆడ కుందేలు వాసన మోసుకెళ్లినట్టు. ముందు మగదాని పని చేసేసి తర్వాత ఆడవాటి దగ్గరికి వెళ్లడం సులువైన ఉపాయం. కుదరకపోతే మధ్యలో చేతులు సబ్బుతో కడుక్కోండి. బోనుల పనికి ఒక పాత చొక్కా లేదా ఏప్రాన్ విడిగా పెట్టుకుంటే మిగతా బట్టలు మిగులుతాయి.

జత కలిపేటప్పుడు ఆడదాన్నే మగదాని బోనులోకి తీసుకెళ్లాలి. ఆడది తన చోటులోకి మగది వస్తే తరిమి కొరుకుతుంది. మగదేమో కొత్త చోటులో అడుగుపెట్టగానే పని మాని అంతా వాసన చూస్తూ, చిమ్ముతూ తిరుగుతుంది. తన బోనులో అయితే సాధారణంగా కొన్ని నిమిషాల్లోనే కలుస్తుంది. అది పక్కకు ఒరిగి పడగానే పని అయినట్టు. వెంటనే ఆడదాన్ని బయటికి తీసేయండి. గంటల తరబడి కలిపి ఉంచితే గొడవలు, గాయాలు, మళ్లీ మళ్లీ చిమ్మడం తప్ప లాభం లేదు.

కడిగే పద్ధతి

కుందేలు మూత్రం మిగతా జంతువులదానిలా ఉండదు. తిన్న తిండిలో ఎక్కువైన కాల్షియాన్ని అది మూత్రంలోనే వదిలేస్తుంది. అందుకే అది చిక్కగా, పాలు కలిపినట్టు ఉంటుంది. ఎండాక తెల్లటి పెచ్చు కడుతుంది. సబ్బుతో ఎంత రుద్దినా ఆ పెచ్చు పోదు. సర్కా, అంటే తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి చల్లి పది పదిహేను నిమిషాలు ఉంచితే పెచ్చు మెత్తబడుతుంది. అప్పుడు బ్రష్‌తో రుద్ది నీళ్లు పోయాలి. బట్టల మీద పడితే ముందు చన్నీళ్లలో జాడించి, ఆరకముందే సబ్బు పెట్టాలి. మరక ఎండిపోతే వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మేడ కడగడానికి బ్లీచింగ్ పౌడర్ వాడే ఇళ్లు చాలా ఉన్నాయి. బ్లీచింగ్‌కు వెనిగర్ గానీ, బాత్‌రూమ్ యాసిడ్ గానీ తగిలితే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. నిలవ మూత్రంలోని అమ్మోనియా మీద బ్లీచింగ్ వేసినా ఊపిరితిత్తులకు హాని చేసే గ్యాస్ వస్తుంది. మూసిన బాల్కనీలో ఇది మనుషులకే ప్రమాదం. బోనులకు వెనిగర్, సబ్బు, నీళ్లు, ఎండ చాలు. ఫినాయిల్ కూడా కుందేలు లోపల ఉండగా బోనులో వేయకూడదు.

రోజూ ట్రే ఖాళీ చేయాలి. నిలవ మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా కళ్లలో మంట పుట్టిస్తుంది, ముక్కు లోపలి పొరను దెబ్బతీస్తుంది. నిలబడిన మనిషికి ఆ ఘాటు తెలిసేసరికి ట్రేకు జానెడు పైన పడుకున్న కుందేలు దాన్ని ఎంతగా పీలుస్తుందో ఊహించవచ్చు. తుమ్ములు, చీమిడి, చివరికి న్యుమోనియా దాకా వెళ్లే రోగాలకు ఈ దెబ్బతిన్న ముక్కే ద్వారం. పొరుగువాళ్ల ఫిర్యాదుకు, కుందేళ్ల జబ్బుకు మూలం ఒకటే అన్నమాట.

ట్రేలో ఊక లేదా రంపపు పొట్టు పరిస్తే తడి పీల్చుకుంటుంది. అయితే బోను లోపల ప్రతిరోజూ ఒక్క చుక్క వాసన లేకుండా కడిగేయడం ఎదురుతిరుగుతుంది. తన గుర్తు పోయిందనుకుని మగది మళ్లీ మొదటి నుంచి చిమ్ముతుంది. బయటి గోడ, షీటు, నేల రోజూ కడగండి. లోపల అది మామూలుగా మూత్రం పోసే మూలలో పాత ఊక గుప్పెడు వదిలేయండి.

తీసిన పెంటికలను నేరుగా కుండీల్లో వేసుకోవచ్చు. మూత్రాన్ని మాత్రం నీళ్లు బాగా కలిపాకే మొక్కలకు పోయాలి. చిక్కగా పోస్తే ఆకులు మాడతాయి.

నమాజ్ బట్టల సంగతి

ఇళ్లలో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది: ఆ తుంపర్లు పడిన బట్టలతో నమాజ్ అవుతుందా?

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖ్హ్‌లో హలాల్ జంతువుల మూత్రాన్ని నజాసతె ఖఫీఫా, అంటే తేలిక రకం నజాసత్‌గా లెక్కిస్తారు. కుందేలు సున్నీ మస్లక్‌లన్నిటిలో హలాల్ కాబట్టి దాని మూత్రం ఈ కోవలోకే వస్తుంది. బట్టలో కొద్ది భాగానికే అంటిన సందర్భంలో కొంత సడలింపు ఉంది. హైదరాబాద్ బార్కస్ లాంటి చోట్ల అనుసరించే షాఫయీ ఫిఖ్హ్‌లో ఈ తేడా లేదు, జంతువు ఏదైనా మూత్రం నజిస్సే. షియా జాఫరీ ఫిఖ్హ్‌లో కుందేలు తినదగిన జంతువే కాదు, దాని మూత్రం కూడా నజిస్ కిందికే వస్తుంది. ఎంత మేరకు మాఫీ, ఎప్పుడు నమాజ్ తిరిగి చేయాలి అన్న వివరాలు ఎవరి మస్లక్ ఆలిమ్‌ను వాళ్లు అడిగి తెలుసుకోవాలి.

ఆచరణలో అందరికీ పనికొచ్చే దారి ఒక్కటే. కడుక్కోవడం కుదిరినప్పుడు కడుక్కోవడం. బోనుల పనికి వేరే బట్టలు, వేరే చెప్పులు పెట్టుకోవడం. జానిమాజ్‌లు, నమాజ్ దుప్పట్టాలు ఆరేసే తీగను బోనుల వైపు నుంచి తీసేయడం. ఈ మూడూ పాటిస్తే ఆ ప్రశ్న వచ్చే సందర్భాలే తగ్గిపోతాయి.

చేయకూడని పనులు

చిమ్మినప్పుడు కొట్టడం, అరవడం పనిచేయవు. దెబ్బకూ చిమ్మడానికీ ఉన్న సంబంధం కుందేలుకు తెలియదు. భయం మాత్రం మిగులుతుంది. భయపడ్డ మగది ఇంకా ఎక్కువ గుర్తులు పెడుతుంది, కొరకడం నేర్చుకుంటుంది.

మూత్రం తగ్గుతుందని నీళ్లు తగ్గించడం అన్నిటికంటే పెద్ద తప్పు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి వాసన పెరుగుతుంది. కాల్షియం మూత్రసంచిలో ఇసుకలా పేరుకుంటుంది. అదే పనిగా సుబాబుల్, లూసర్న్ లాంటి కాల్షియం ఎక్కువుండే మేత వేసినా ఇదే ఇబ్బంది. మేతలో పెద్ద భాగం మామూలు గడ్డి, ఎండుగడ్డి ఉండాలి.

వాసన పోతుందని కుందేలుకు స్నానం చేయించడం, అత్తరో పౌడరో పూయడం కూడా వద్దు. తడిసిన కుందేలు ఒళ్లు చల్లబడి, భయంతో షాక్‌లోకి వెళ్లి చనిపోవచ్చు.

బ్రీడింగ్ అక్కర్లేకపోతే: ఆపరేషన్

చాలా ఇళ్లలో మగ కుందేలు పేరుకే బ్రీడింగ్‌ది. పిల్లలను అమ్మే ఆలోచన ఎప్పుడో పోయి ఉంటుంది. అలాంటప్పుడు ఖస్సీ ఆపరేషన్ అసలైన పరిష్కారం. వృషణాలు కిందికి దిగాక, అంటే మూడున్నర నాలుగు నెలల వయసు నుంచి చేయించవచ్చు. హార్మోన్ తగ్గేకొద్దీ కొన్ని వారాల్లో చిమ్మడం చాలావరకు తగ్గుతుంది. ఏళ్ల తరబడి అలవాటైన మగదైతే కొంచెం మిగలవచ్చు.

ఇందులో మూడు జాగ్రత్తలున్నాయి. కుందేళ్లకు మత్తు ఇవ్వడం కుక్కలకు, పిల్లులకు ఇచ్చినట్టు కాదు. కాబట్టి కుందేళ్ల ఆపరేషన్లు చేసిన అనుభవం ఉందా అని వెటర్నరీ డాక్టర్‌ను ముందే అడగండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో, గన్నవరంలో ప్రభుత్వ వెటర్నరీ కాలేజీలున్నాయి. సరైన డాక్టర్ ఎక్కడున్నారో అక్కడ విచారించవచ్చు. రెండోది, కుందేలుకు వాంతి రాదు. పేగుల కదలిక ఆగితే ప్రమాదం. అందుకని మనుషుల్లా ముందురోజు రాత్రి నుంచి కడుపు మాడ్చకూడదు, డాక్టర్ చెప్పినట్టే చేయాలి. మూడోది, ఆపరేషన్ అయ్యాక కూడా నాలుగు నుంచి ఆరు వారాల వరకు అది ఆడదాన్ని కట్టించగలదు. అన్నాళ్లూ విడిగానే ఉంచాలి.

ఇది చిమ్మడం కాదు, జబ్బు అని ఎప్పుడు అనుమానించాలి?

మూత్రం పోయడానికి ముక్కుతూ కూర్చోవడం, చుక్కలు చుక్కలుగా కారడం, వెనక కాళ్ల మధ్య బొచ్చు ఎప్పుడూ తడిగా ఉండి చర్మం ఎర్రబడటం, చిక్కటి పేస్టులా మూత్రం రావడం, తిండి మానేయడం. వీటిలో ఏది కనిపించినా అది అలవాటు కాదు, డాక్టర్‌కు చూపించాల్సిన విషయం. మూత్రం నారింజ లేదా ఎర్ర రంగులో ఉన్నంత మాత్రాన కంగారు అక్కర్లేదు, కొన్ని ఆకులు తిన్నప్పుడు అలా వస్తుంది. కానీ గడ్డలుగా, చారలుగా రక్తం కనబడితే ఆగకూడదు. ముఖ్యంగా ఆడ కుందేలులో అది గర్భసంచి జబ్బు కావచ్చు.

ఇంట్లో మిగిలిన మనుషుల మందులు మాత్రం వేయవద్దు. అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ రకం మందులు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చిపోయి దాని ప్రాణమే పోతుంది.

ఈ వారంలోనే చేయగలిగిన పనులు నాలుగు. మగవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి అక్కర్లేనిదానికి ఆపరేషనో, మంచి ఇల్లో చూడటం. ఉంచుకున్నదాన్ని కింది బోనులోకి మార్చడం. మూడు వైపులా ఒకటిన్నర అడుగు షీటు కట్టడం. బట్టల తీగ జరపడం. షీటు కట్టాక ఒకసారి పక్క మేడవాళ్లను పిలిచి చూపించండి. ఇంకా తుంపర్లు ఎటైనా పడుతున్నాయేమో వాళ్ల వైపు నుంచి చూసినప్పుడే తెలుస్తుంది.